ఆన్సెల్మ్ బుట్ట

వాల్మెరాక్,
శుక్రవారం, 16 నవంబర్ 2018

అన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. చెవులు సరిగా వినిపించవు కాబట్టి ఫోను వద్దన్నావు, సరేనన్నాను. చేతులు బాగానే ఉన్నాయి కదా? సముద్రం పక్కన ఇల్లు తీసుకున్నవాళ్ళకి నాలుగు ముక్కలు రాసే తీరిక కూడా ఉండదని నాకు తెలియదు.

నా తుంటి సంగతి అడగవు కాబట్టి నేనే చెబుతున్నాను. జనవరి ఆఖరుకి తులూజ్‌లో ఆపరేషన్ అన్నారు. అప్పటిదాకా కర్రపట్టుకుని కుంటడమే. కుంటుతూనే లేనివాళ్ళకి తిండి పంచే మా సంఘం గురువారాలు నడిపిస్తున్నాను.

నీ తరువాత షాపు చూసుకుంటున్న బెర్ట్రాన్ ఇప్పుడు మా సంఘానికి పెద్ద దాత. అమ్ముడుపోని సరుకంతా వారానికి రెండుసార్లు పంపుతాడు. పెరుగు కప్పులు, జున్ను, కాస్త వడలిన కూరలు, నిన్నటి రొట్టెలు. గడువు తీరడానికి రెండు రోజుల ముందే పంపాలని రూలు. నేను చూసుకుని రసీదు మీద సంతకం పెడతాను. ఆ సరుకు ఖరీదులో వందకి అరవై అతను కట్టాల్సిన పన్నులో తగ్గుతుంది. నాతో పాటు పంచే జినెట్ అతనికి 'అరవై శాతం దాత' అని పేరు పెట్టింది. దాని వెటకారం దానిది. పన్ను కోసం ఇచ్చాడా, పుణ్యం కోసం ఇచ్చాడా అని నేనైతే ఆరా తియ్యను. ఆకలితో ఉన్నవాడికి పెరుగు పెరుగే.

క్యూలో నిలబడే పెద్దవాళ్ళకి ఒక వింత అలవాటుంది. రొట్టె చేతికిస్తే సంచిలో వేసుకోరు. ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తారు. నిన్న ఒక పెద్దాయన్ని ఉడికించాను, అత్తరు కొట్టుకి వచ్చాననుకున్నావా అని. నవ్వలేదు. మళ్ళీ ఒకసారి వాసన చూసి సంచిలో పెట్టుకున్నాడు.

నిన్న నలభై బుట్టలు పంచాము. ఆఖరిది ఎప్పటిలాగే ఆన్సెల్మ్‌ది. గుర్తున్నాడు కదా, పండగనాడు అమ్మ దగ్గర రొట్టె ముక్క తీసుకునేవాడు, ఆ తరువాత నీ షాపు వెనక తిరుగుతూ ఉండేవాడు. పొద్దు వాలకముందే తీసుకెళ్ళిపోయాడు.

జవాబు రాయకపోతే కుంటుకుంటూ అక్కడికే వస్తాను.

నీ మీద కోపంగా ఉన్న చెల్లెలు,
ఒడీల్

*

రోస్కాఫ్,
24 నవంబర్

ఒడీల్,

ఉత్తరం అందింది. ఇక్కడ వారం రోజులుగా ఒకటే వాన. పక్కింటి ఆవిడ రోజుకో కాలీఫ్లవర్ తెచ్చి గుమ్మం ముందు పెట్టిపోతోంది. వద్దంటే వినదు, ఏమంటుందో నాకు వినిపించదు. ఇద్దరికీ బాగానే కుదిరింది.

ఆపరేషన్‌కి భయపడకు. ఈ రోజుల్లో తుంటి మార్చడం గొప్ప విషయమేమీ కాదట.

బెర్ట్రాన్ సంగతి చదివాను. ఆ పన్ను తగ్గింపు కొత్తగా వచ్చిందేమీ కాదు. నా రోజుల్లోనూ ఉంది.

రొట్టె వాసన చూసేవాళ్ళతో పరాచికాలాడకు. చూడనీ.

ఒక సంగతి అడుగుతాను, సూటిగా చెప్పు. ఆన్సెల్మ్ అంటే ఆ ఆన్సెల్మ్ విడాలేనా? బూడిదరంగు టోపీ పెట్టుకునేవాడు, ఒకప్పుడు కత్తులకి సానపట్టేవాడు, అతనేనా? ఎప్పటినుంచి వస్తున్నాడు? మనిషి ఎలా ఉన్నాడు? తిండి తినగలుగుతున్నాడా? మాట్లాడుతున్నాడా, గొంతు ఎలా ఉంది? నా గురించి ఏమైనా అడిగాడా?

ఆలస్యం చెయ్యకు.

అన్నయ్య

*

వాల్మెరాక్,
సోమవారం, 3 డిసెంబర్

అన్నయ్యా,

ఈసారి ఎనిమిది రోజుల్లోనే ఉత్తరం! గోడమీద మేకుకి తగిలించాను, జినెట్ కూడా చూసి ఆశ్చర్యపోవాలని.

శుక్ర, శని, ఆదివారాలు మూడు రోజులూ షాపు గుమ్మం దగ్గర నిలబడి డబ్బాలు, పప్పులు, నూనె పోగుచేశాము. ఏడాదికోసారి దేశమంతా జరిగేదే. నడుం విరిగింది. పైగా ఒక కొత్త తలనొప్పి. బెర్ట్రాన్ పన్ను కాగితాలు పరీక్షకి వచ్చాయట. అంత సరుకు నిజంగా మాకు చేరిందా, మేము నిజంగా పంచామా అని అడుగుతున్నారు. మా రిజిస్టరు చూడడానికి జనవరిలో ఒక ఆఫీసరమ్మ వస్తుందట. ఏదైనా తేడా వస్తే సరుకు ఆపేస్తానని బెర్ట్రాన్ అప్పుడే మొహం మాడ్చుకుని చెప్పిపోయాడు. అతని సరుకు ఆగితే నలభై ఇళ్ళలో పొయ్యి వెలగడం కష్టం.

ఇక నీ ప్రశ్నలు. చదివి ఎంత నవ్వుకున్నానో. నువ్వు ఇంకా మరిచిపోలేదన్నమాట! అమ్మ ఉంటే ఎంత సంతోషించేదో. అయితే విను, వరసగా చెబుతాను. అవును, ఆ ఆన్సెల్మే. మూడేళ్ళనుంచి ఒక్క గురువారం మానలేదు. కాస్త ఒళ్ళు చేశాడు. గొంతు గంటలా ఖంగుమంటోంది. ఏం పెట్టినా వంకపెట్టకుండా తింటాడు, నీలా కాదు. నిన్ను అడిగినట్టు చెప్పమన్నాడు. మీ అన్నయ్య సముద్రం చూస్తూ మమ్మల్ని మరిచిపోయాడా అన్నాడు. చాలా?

జనవరిలో పండగకి రాకూడదూ? ముగ్గురు రాజుల పండగ రొట్టె నేనే చేస్తాను. చిన్నప్పటిలా బల్లకింద దూరి ఏ ముక్క ఎవరిదో చెప్పడానికి ఈ తుంటితో నావల్ల కాదు, నువ్వే దూరాలి.

నీ అల్లరి చెల్లెలు,
ఒడీల్

*

రోస్కాఫ్,
11 డిసెంబర్

చెల్లెమ్మా,

నీ ఉత్తరం పది సార్లు చదివాను. చదివి రేవు దాకా నడిచాను, తిరిగొచ్చి మళ్ళీ చదివాను. అరవై ఏడేళ్ళవాణ్ణి, వంటింట్లో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. పక్కింటావిడ కాలీఫ్లవర్‌తో వచ్చి నన్ను చూసి వెనక్కి వెళ్ళిపోయింది.

బతికే ఉన్నాడు. నన్ను అడిగాడు.

నీకు ఒక సంగతి చెప్పాలి. కట్టుకున్న ఎలియాన్‌కి కూడా చెప్పలేదు, చెప్పకుండానే మట్టిలో పెట్టాను. ఇప్పుడు అతను బాగున్నాడని తెలిసింది కాబట్టే ఈ చెయ్యి కదులుతోంది.

2013 ఫిబ్రవరి. షాపు వెనక చెత్తతొట్టిలో సరుకు ఏరుకోవడానికి జనం వస్తున్నారని పై ఆఫీసుకి ఎవరో చెప్పారు. తొట్టిలోది తిని ఎవడైనా జబ్బుపడితే కేసు మన మీదికొస్తుంది, తినడానికి పనికిరాకుండా చెయ్యమని నాకు కబురొచ్చింది. అందరూ చేసేదే, పైన బ్లీచింగ్ నీళ్ళు పోస్తే చాలన్నారు. ఆ సరుకు ఏదైనా సంఘానికి ఇస్తే పన్ను తగ్గుతుందని మా లెక్కలాయన అంతకుముందే రెండుసార్లు చెప్పాడు. సరుకు వేరుచేసేదెవరు, చల్లగా దాచేదెవరు, కాగితాలు నింపేదెవరు అన్నాను. బ్లీచింగ్ సీసాకి కాగితాలు అక్కర్లేదు కదా.

గల్లా దగ్గర కూర్చునే రెజీన్ నీకు తెలుసు. తనని పొయ్యమన్నాను. పొయ్యను, ఆన్సెల్మ్ అందులోంచే తింటాడు అంది. నా మాటకి ఎదురుచెప్పిందని ఒళ్ళు మండి, రేపటినుంచి పనికి రావద్దన్నాను. తరువాత నేనే పోశాను. ఈ చేత్తోనే, ఒడీల్. రొట్టెల మీద, వేపిన కోడి మీద, అన్నిటిమీదా. చలికి నా ముక్కులు మూసుకుపోయి ఉన్నాయి, నాకే వాసన తెలియలేదు. అతనికి మాత్రం ఎలా తెలుస్తుంది?

మూడో రోజు పొద్దున షాపు తెరవడానికి వెళ్ళాను. రోజూ వెనక గుమ్మం దగ్గర అతనుండేవాడు. నేను బోంజూర్ ఆన్సెల్మ్ అని పలకరించేవాణ్ణి, అతను టోపీ ఎత్తేవాడు. ఆ రోజు మనిషి లేడు. తొట్టి పక్కన మంచుమీద వాంతి, అందులో రక్తం. పక్కన టోపీ పడి ఉంది. నేను ఎవరినీ పిలవలేదు. ఆస్పత్రికి ఫోను చెయ్యలేదు. పార తెచ్చి దానిమీద మంచు కప్పాను. టోపీ జేబులో పెట్టుకుని వెళ్ళి గల్లా తెరిచాను.

ఆ తరువాత అతను ఎవరికీ కనపడలేదు. దక్షిణానికి వెళ్ళిపోయి ఉంటాడని ఊళ్ళో అనుకున్నారు. నేనూ అదే అన్నాను, అందరికంటే గట్టిగా.

నేను సముద్రం కోసం ఇక్కడికి రాలేదు. ఆ వెనక గుమ్మం ఉన్న ఊళ్ళో ఉండలేక వచ్చాను. కానీ అతను నాతోపాటే వచ్చాడు. రేవు గోడమీద ఒకాయన నాకు వీపుపెట్టి కూర్చుంటాడు, తలమీద టోపీ లేకుండా. దగ్గరకి వెళితే వలల కుప్ప ఉంటుంది. ఐదేళ్ళుగా నేను రొట్టె తినలేదు. ఏ రొట్టె పట్టుకున్నా నాకు ఆ వాసనే. బంగాళాదుంపలు ఉడకబెట్టుకుని తింటాను. నా తిండి ఇదని నీకు తెలియదు.

ఇప్పుడు నీ ఉత్తరం వచ్చింది. ఇవాళ రేవుకి వెళితే గోడమీద ఎవరూ లేరు.

పండగకి వస్తున్నాను. టోపీ నా దగ్గరే ఉంది, ఉతికి పెట్టాను. అతని చేతికిచ్చి నేను చేసింది అతని మొహమ్మీదే చెబుతాను. ఉమ్మితే ఉమ్మనీ. నేను వస్తున్నానని ముందే చెప్పకు, భయపడతాడేమో.

నీ అన్నయ్య,
ఫెర్నాన్

*

వాల్మెరాక్,
సోమవారం, 17 డిసెంబర్

అన్నయ్యా,

ఇది నాలుగో కాగితం. మూడు చించేశాను.

ఆన్సెల్మ్ లేడు. ఇక్కడ లేడు. మూడేళ్ళలో నేను అతన్ని ఒక్కసారి కూడా చూడలేదు.

చిన్నప్పుడు పండగ రొట్టె కోసేటప్పుడు అమ్మ ఎప్పుడూ ఒక ముక్క ఎక్కువ కోసేది, పేదవాడి వంతని. నేను బల్లకింద కూర్చుని, ఇది ఎవరికి అంటే నాన్నకి, ఇది ఎవరికి అంటే పేదవాడికి అని అరిచేదాన్ని. తరువాత మనకి అదొక ఆటైపోయింది. పేదవాడు ఎలా ఉన్నాడర్రా అని అమ్మ అడిగేది. జలుబు చేసింది, మీసాలు పెంచాడు, నిన్ను అడిగాడమ్మా అని మనం కథలల్లేవాళ్ళం. అందరికంటే ఎక్కువ కథలు చెప్పింది నువ్వు.

సంఘంలో కూడా నాకు ఆ అలవాటు పోలేదు. క్యూలో నిలబడడానికి సిగ్గుపడేవాళ్ళు ఎవరైనా ఉంటారని ప్రతి గురువారం ఒక బుట్ట ఎక్కువ కడతాను. హాలు పక్క గుమ్మం దగ్గరి రాతి అరుగుమీద పెడతాను. సాయంత్రానికి ఉండదు. ఎవరు తీసుకుంటారో నేనెప్పుడూ తొంగిచూడలేదు. కానీ రిజిస్టరులో ప్రతి బుట్టకీ ఒక పేరుండాలి. పేరు రాయమంటే అమ్మ చేతి ముక్క తీసుకున్న ఆఖరి మనిషి పేరు గుర్తొచ్చింది. ఆన్సెల్మ్ విడాల్ అని రాశాను. పక్కన సంతకం నాదే.

నువ్వు అన్ని ప్రశ్నలు అడిగితే మన పాత ఆట ఆడుతున్నావనుకున్నాను. అందుకే ఒళ్ళు చేశాడని రాశాను. గొంతు బాగుందని రాశాను. నిన్ను అడిగాడని రాశాను. ఆ మాట తలుచుకుంటే నా చెయ్యి నరుక్కోవాలనిపిస్తోంది.

కానీ నా తప్పు ఆట. నీది అలా కాదు. నువ్వు పోశావా? అమ్మ గుమ్మంలోకి పిలిచి కూర్చోబెట్టి ముక్క పెట్టిన మనిషి తింటాడని తెలిసి, ఒక ఆడపిల్ల మొహమ్మీదే చెప్పినా వినకుండా? ఆ తరువాత మంచు కప్పావా? ఆ మరుసటి జనవరి పండగకి నువ్వు నా ఇంట్లో కూర్చుని, ఆన్సెల్మ్ రాలేదేమిటని నేనంటే, దక్షిణంలో వెచ్చగా ఉండి ఉంటాడులే అన్నావు. పేదవాడి ముక్క కూడా నువ్వే తిన్నావు. నాకు బాగా గుర్తుంది.

రొట్టె ఎందుకు వాసన చూస్తారో ఇప్పుడు తెలిసింది. నేను ఆ పెద్దాయన్ని ఎగతాళి చేశాను.

పండగకి రాకు. నీ మొహం చూడలేను.

ఒడీల్

*

రోస్కాఫ్,
22 డిసెంబర్

ఒడీల్,

రాను.

నువ్వు రాసిందాంట్లో ఒక్కటీ కాదనను. ముక్క తిన్నమాట కూడా నిజం.

గోడమీద మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు పగలంతా ఉంటున్నాడు.

నీ ఆట గురించి బాధపడకు. పది రోజులు నేను మనిషిలా బతికాను, ఆ పది రోజులూ నువ్విచ్చినవే. పదో రోజున రొట్టె కొనడానికి కూడా వెళ్ళాను.

ఒక్కటే అడుగుతాను. అతను ఏమయ్యాడో కనుక్కో. నేను మునిసిపల్ ఆఫీసుకి రాస్తే నీకెందుకు అని అడుగుతారు, నాకు జవాబు లేదు. నువ్వు సంఘం తరఫున అడగచ్చు. ఆ రోజే చచ్చిపోయాడా, లేక బతికాడా? ఏదైనా సరే, నాకు చెప్పు. తెలియకుండా పోవడం మాత్రం వద్దు. క్షమించమని అడగడం లేదు.

ఫెర్నాన్

*

వాల్మెరాక్,
శుక్రవారం, 18 జనవరి 2019

అన్నయ్యా,

నెల్లాళ్ళు నీకు రాయకూడదనుకున్నాను. ఇరవై ఏడు రోజులే ఆగగలిగాను.

ముందు ఆఫీసరమ్మ సంగతి. పేరు మేడమ్ కుర్తియాల్. పదో తారీకున వచ్చింది, కళ్ళజోడు ముక్కుమీదికి జారిపోతూ, నవ్వు అనేది ఎరగని మొహం. రసీదులన్నీ సరిగా ఉన్నాయి. తరువాత రిజిస్టరు తిప్పి ఆన్సెల్మ్ పేరు మీద వేలుపెట్టింది. ఈయన కార్డేది అంది. నేను అబద్ధమాడలేదు. అమ్మ ముక్క దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను, నీ సంగతి తప్ప. బెర్ట్రాన్ పక్కన నిలబడి చెమటలు కక్కుతున్నాడు.

ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుంది. తరువాత, మా ఇంట్లోనూ ఆ ముక్క కోసేవాళ్ళు అంది. అని, వెంటనే గొంతు మార్చి, కానీ ఇది ప్రభుత్వం పన్ను వదులుకుని ఇప్పిస్తున్న తిండి, లేని మనిషి పేరుమీద పోకూడదు, ఒక్క దొంగపేరుంటే మిగిలిన ముప్పై తొమ్మిదీ అనుమానమే అంది. బుట్ట ఆపక్కర్లేదట. పేరు తెలియదు అని రాయమంది. కానీ అరుగుమీద వదిలెయ్యకూడదు. ఒక మనిషి నిలబడి ఇంకో మనిషి చేతికివ్వాలి. ఇచ్చినవాళ్ళ పేరూ సంతకమూ ఉండాలి. ఈ విడాల్ ఎవరో, ఉన్నాడో పోయాడో తేల్చి నెలలోగా రాసిపంపమంది. లేకపోతే మా రసీదులు చెల్లవు, బెర్ట్రాన్ సరుకు ఆగిపోతుంది.

కాబట్టి నీ కోసం కాకపోయినా నేను కనుక్కోవలసి వచ్చింది. అతను పుట్టింది ఇక్కడికి పాతిక కిలోమీటర్ల దూరంలో. మనిషి ఎక్కడ పోయినా పుట్టిన ఊరి పుస్తకంలో పక్కన రాస్తారు కదా. అక్కడి గుమాస్తా పుస్తకం తెరిచి వేలితో చూపించింది. 2017 మే తొమ్మిది. కన్యాస్త్రీలు నడిపే ఒక వృద్ధాశ్రమంలో.

జినెట్ కారులో అక్కడికి వెళ్ళాను. అతన్ని చూసుకున్న సిస్టర్ ఇంకా ఉంది. జాగ్రత్తగా చదువు అన్నయ్యా, ఒక్కసారే రాయగలను. ఆ చలికాలం రోడ్డుపక్కన పడి ఉంటే లారీ నడిపే ఆయనెవరో ఆస్పత్రిలో చేర్చాడట. గొంతు లోపలంతా కాలిపోయి ఉంది. ప్రాణం నిలిచింది. కానీ మళ్ళీ ఎప్పుడూ గట్టి పదార్థం మింగలేకపోయాడు. నాలుగేళ్ళు చారు నీళ్ళు, పాలలో నానబెట్టిన రొట్టె. ఆ రొట్టె కూడా ప్రతిసారీ వాసన చూసేవాడట. గొంతు గుసగుసలాడినట్టు ఉండేదట. ఎవరు చేశారని ఎంత అడిగినా ఒక్క పేరూ చెప్పలేదు. జనవరి వస్తే మాత్రం ఊళ్ళో ఒక దొరసాని నా ముక్క దాచి ఉంచుతుంది, వెళ్ళాలి అనేవాడట. ఎవరో సిస్టర్‌కి తెలియదు. నాకు తెలుసు. అతని పేరు నేను మొదట రాసింది 2016 జనవరిలో. అప్పటికి అతను బతికే ఉన్నాడు, నాకు గంట దూరంలో. నేను బుట్ట కట్టి అరుగుమీద పెడుతున్నాను, అతను అక్కడ చారు నీళ్ళు తాగుతున్నాడు. వెతకాలని నాకు తట్టలేదు.

నువ్వు చంపలేదు. అదే నీకు కావాలంటే తీసుకో. నాకైతే అది ఊరటగా అనిపించలేదు.

ఇరవై ఎనిమిదిన నన్ను తులూజ్ ఆస్పత్రిలో చేర్చుకుంటారు. మూడు వారాలు. జినెట్ లోపల క్యూ చూసుకోవాలి. పక్క గుమ్మం దగ్గర నిలబడి ఆ బుట్ట ఇవ్వడానికి మనిషి లేడు. కోపం తగ్గి రాయడం లేదు, తగ్గలేదు. తాళంచెవి పొరుగింట్లో ఇచ్చి వెళతాను. వచ్చి నిలబడు.

ఒడీల్

*

వాల్మెరాక్, నీ వంటింట్లోంచి,
శుక్రవారం, 1 ఫిబ్రవరి

ఒడీల్,

ఆపరేషన్ బాగా జరిగిందని జినెట్ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించింది. నర్సులతో పోట్లాడకు.

నిన్న నిలబడ్డాను. అన్నీ రాస్తాను, నువ్వు అడుగుతావు కాబట్టి.

రెండింటికి బుట్ట పట్టుకుని పక్క గుమ్మం దగ్గరకి వెళ్ళాను. కోటు జేబులో టోపీ ఉంది. జేబు నిండుగా ఉంటే బుట్ట పట్టుకోవడం కుదరక దాన్ని అరుగుమీద పెట్టాను. గంటన్నర ఎవరూ రాలేదు. సందు మలుపులో ఒకావిడ రెండుసార్లు తొంగిచూసి వెనక్కి పోయింది. అరుగుమీద బుట్ట లేదు, గుమ్మంలో మనిషి ఉన్నాడు, అందుకని. నేను చెయ్యి ఎత్తాను. మూడోసారి వచ్చింది.

ఆవిడ రెజీన్, ఒడీల్. నీ బుట్ట మూడేళ్ళుగా తీసుకుంటున్నది తను. నేను పనిలోంచి తీసేశాక ఈ ఊళ్ళో ఇంకెవరూ గల్లా దగ్గర కూర్చోబెట్టలేదట, ఎదురు మాట్లాడుతుందని. ఇళ్ళు తుడుస్తోంది. క్యూలో నిలబడితే తెలిసినవాళ్ళే కదా అందరూ.

నన్ను గుర్తుపట్టింది. వెళ్ళిపోతుందనుకున్నాను. అరుగుమీది టోపీ చూసి ఆగిపోయింది. దగ్గరకి వచ్చి, నాకు వినపడేలా గట్టిగా, నోరు కదిలేది కనపడేలా మాట్లాడింది.

"ఆ రోజు మీరు పొమ్మన్నాక నేను నేరుగా అతని దగ్గరికే వెళ్ళాను. తొట్టిలోది ముట్టుకోకు, మీ దొర మందు పోస్తున్నాడు అని చెప్పాను."

మరి ఎందుకు తిన్నాడని అడిగాను.

"నవ్వాడు. ఆయన రోజూ పొద్దున నన్ను పేరుపెట్టి పలకరిస్తాడమ్మా, అలాంటి పని చెయ్యడు, కోపంలో అంటున్నావులే అన్నాడు."

ఒడీల్, ఊళ్ళో అతన్ని పేరుపెట్టి పిలిచేవాణ్ణి నేనొక్కణ్ణే. అది నా మంచితనమని ఇన్నేళ్ళు లోపల దాచుకున్నాను. చేసింది చేశాను కానీ రోజూ బోంజూర్ అయినా చెప్పేవాణ్ణి కదా అనుకునేవాణ్ణి. ఆ బోంజూర్‌ని నమ్మే అతను తిన్నాడు.

బుట్ట నా చేతుల్లోనే ఉంది. రెజీన్ అందులోంచి రొట్టె తీసింది. నా కళ్ళలోకి చూస్తూ ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు వాసన చూసింది. నేను అడిగాను, బాగుందా అని. అడిగింది మర్యాదకి కాదు. నాకు ఆ రొట్టెలో ఇంకా బ్లీచింగ్ వాసనే వస్తోంది, నా ముక్కుని నేను నమ్మలేను.

"బాగుంది," అంది. రొట్టె బుట్టలో పెట్టుకుని, బుట్ట నా చేతిలోంచి తీసుకుంది. తన పేరు పుస్తకంలో రాయొద్దంది. టోపీ వైపు ఇంకోసారి చూసి వెళ్ళిపోయింది.

లోపలికెళ్ళి రిజిస్టరు తీశాను. నలభయ్యో వరసలో, పేరు తెలియదు అని రాశాను. ఇచ్చినవారు అన్న గడిలో నా పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టాను. తిరిగి వచ్చేసరికి టోపీ అరుగుమీదే ఉంది. ఆదివారం జినెట్ నన్ను ఆ ఆశ్రమం వెనకున్న సమాధుల దగ్గరకి తీసుకెళతానంది, అక్కడ పెట్టి వస్తాను. అక్కడ నేను మాత్రం అతన్ని పేరుపెట్టి పలకరించను.

రేవు గోడమీది మనిషి ఇక్కడికీ వచ్చాడు. నీ వంటింటి కిటికీలోంచి చూస్తే చర్చి మెట్లమీద కూర్చుని ఉన్నాడు, నాకు వీపుపెట్టి. ఉండనీ.

వచ్చే గురువారమూ నేనే నిలబడతాను. రెజీన్ వస్తే రొట్టె ముందు తన చేతికే ఇస్తాను, వాసన చూసి చెప్పాక మిగిలినవి ఇస్తాను.

అన్నయ్య,
ఫెర్నాన్